బ్లేడ్ మార్చేముందు మ్యాట్ చూడండి: పేపర్ కటింగ్ మెషిన్లపై అపోహలు - వాస్తవాలు

"అక్కా, బ్లేడ్ పోయింది. ఏది కొనమంటారు?"

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, నాకు ఈ మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఇచ్చిన డిజైన్‌ని కాగితం మీద కోసే మెషిన్లు, క్రికట్ గానీ సిల్హౌట్ కేమియో గానీ, ఇంట్లో పెట్టుకుని కేక్ టాపర్లు, రిటర్న్ గిఫ్ట్ ట్యాగులు, బ్యాక్‌డ్రాప్ పేర్లు చేసి అమ్ముకునే ఆడపిల్లలే ఎక్కువగా అడుగుతారు. ఫొటో పంపించమంటాను. మూలల్లో కాగితం లేచిపోయి, అంచంతా నూగులా ఉంటుంది. బ్లేడ్ అరిగిందని వాళ్లు అప్పటికే తేల్చేసుకుని ఉంటారు. చాలాసార్లు ఆ బ్లేడ్ బాగానే ఉంటుంది.

అపోహ: కాగితం చిరిగిందంటే బ్లేడ్ అరిగిపోయినట్టే

అందరి డబ్బూ ఎక్కువగా తినేస్తున్నది ఈ నమ్మకమే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

మనం రోజూ వాడే ఫైన్ పాయింట్ బ్లేడ్‌ని మోటారు తిప్పదు. అది సన్నటి కార్బైడ్ పుల్ల. దాని మొన సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉంటుంది. బ్లేడ్ కూర్చునే గొట్టాన్ని హౌసింగ్ అంటారు. మెషిన్ దాన్ని ఎటు లాగితే, బ్లేడ్ దానంతట అదే అటు తిరుగుతుంది. ఆ తిరగడం సాఫీగా ఉంటేనే మూల తెగుతుంది. హౌసింగ్ లోపల చిన్న పేపర్ పీచో, స్టిక్కర్ జిగురో ఇరుక్కుందంటే బ్లేడ్ సమయానికి తిరగదు. తిన్నటి గీతలు చక్కగా తెగుతాయి, మలుపు దగ్గర మాత్రం కోయాల్సింది పోయి గీకుతుంది. చూసేవాళ్లకి అచ్చంగా మొద్దుబారిన బ్లేడ్‌లాగే కనిపిస్తుంది.

రాజమండ్రి నుంచి ఒకావిడ రాత్రిపూట ఫోన్ చేసింది. తెల్లవారితే ఓణీల ఫంక్షన్, అమ్మాయి పేరు గోల్డ్ కార్డ్‌స్టాక్ (అట్టలాంటి మందం కాగితం) మీద కట్ అవ్వాలి. కొత్త బ్లేడ్ వేసింది, చిరిగింది. ప్రెషర్ పెంచింది, ఇంకా చిరిగింది. గొంతులో ఏడుపు తెలుస్తోంది. ఆర్డర్ ఇచ్చినవాళ్లు చుట్టాలు, మాట పోతుందని భయం. వీడియో కాల్‌లో మ్యాట్‌ని, అంటే కాగితం అతికించి మెషిన్‌లోకి పంపే జిగురు షీట్‌ని, తలకిందులుగా పట్టుకోమన్నాను. కాగితం జారి కింద పడింది. ఆ మ్యాట్‌కి అసలు జిగురే మిగల్లేదు. బ్లేడ్ లాగినప్పుడల్లా కాగితం కూడా దానితోపాటు జరుగుతుంటే ఎంత కొత్త బ్లేడైనా ఏం చేస్తుంది? మ్యాట్ కడిగి ఆరబెట్టించి, కాగితం నాలుగు అంచులకీ మాస్కింగ్ టేప్ వేయించాను. తీసి పక్కన పెట్టిన పాత బ్లేడ్‌తోనే పేరు తెగింది.

అందుకే కట్ తేడాగా వస్తే ముందు హౌసింగ్ బయటికి తీయండి. క్రికట్‌లో అయితే పైనున్న బటన్ నొక్కితే బ్లేడ్ బయటికి వస్తుంది. దాన్ని తీసి పీచు దులపండి, హౌసింగ్ లోపల గట్టిగా ఊదండి. తిరిగి పెట్టాక బ్లేడ్ అటూ ఇటూ తేలిగ్గా తిరుగుతుందో లేదో చూడండి. మొన మీద మాత్రం వేలు పెట్టొద్దు. హౌసింగ్‌ని మెషిన్‌లో బిగించే క్లాంప్ పూర్తిగా మూసుకుందా చూసుకోండి. తర్వాత మ్యాట్ పరీక్ష. తలకిందులు చేసి మెల్లగా ఊపినా కాగితం కదలకూడదు.

క్రికట్ ఆకుపచ్చ, నీలం, ఊదా మ్యాట్‌లని ఆల్కహాల్ లేని బేబీ వైప్‌తో తుడవచ్చు. ఇంకా మురికి ఉంటే గోరువెచ్చని నీళ్లలో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, జిగురు వైపు పైకి ఉంచి నీడలో ఆరబెట్టండి. బట్టకి వాడే గులాబీ మ్యాట్‌కి మాత్రం ఈ పద్ధతి వద్దు. వాడనప్పుడు ప్లాస్టిక్ కవర్ వేసి ఉంచండి. ఇంట్లో గాలికి ఎగిరే నూలు, వెంట్రుకలు అంటుకునే మ్యాట్ త్వరగా చచ్చిపోతుంది.

ఇంకో సంగతి డిజైన్. ఫోన్‌లో తీసిన ముగ్గు ఫొటోని ఆటో ట్రేస్ చేస్తే, అంటే సాఫ్ట్‌వేర్ చేతనే కటింగ్ గీతలుగా మార్పిస్తే, ఒక్కో వంపులో అవసరం లేని పాయింట్లు బోలెడు పడతాయి. ప్రతి పాయింట్ దగ్గరా బ్లేడ్ చిన్న చిన్న కుదుపులతో నడుస్తుంది, అంచు రంపంలా వస్తుంది. ముందు పాయింట్లు తగ్గించండి. మన తెలుగు అక్షరాలకైతే ఇంకా జాగ్రత్త కావాలి. తలకట్టు, వత్తు కొన్ని ఫాంట్లలో విడి ముక్కలుగా ఉంటాయి. వెల్డ్ చేయకపోతే, అంటే సాఫ్ట్‌వేర్‌లో ముక్కలన్నీ ఒకే ఆకారంగా కలపకపోతే, అవి విడిపోతాయి, లేదంటే ఒకటి దాటి ఒకటి కోసుకుపోతాయి. "శ్రీ" మీది గుడిదీర్ఘం, "ర" వత్తు తోక చిన్న సైజులో ఏ బ్లేడ్‌కైనా కష్టమే. పేరు కొంచెం పెద్దది చేయండి, లేదా లావు ఫాంట్ తీసుకోండి.

మాది కాకినాడ. ఇక్కడ వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. ఎండాకాలంలో చక్కగా తెగిన 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం బరువు లెక్క) షీటే జులైలో పీచు పీచుగా చిరుగుతుంది. అప్పుడూ నింద బ్లేడ్ మీదకే పోతుంది. షీట్లని జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో పెట్టి చూడండి.

అపోహ: తెగకపోతే ప్రెషర్ పెంచితే సరిపోతుంది

కొంచెం పెంచితే తప్పులేదు, అందుకే ఆ సెట్టింగ్ ఇచ్చారు. కానీ కారణం ఏంటో చూడకుండా పెంచుకుంటూ పోతే బ్లేడ్ మ్యాట్‌లోకి దిగిపోతుంది. మ్యాట్ మీద గీత సన్నగా, పైపైన మాత్రమే పడాలి. వేలితో తడిమితే గాడి తగిలిందంటే ప్రెషర్ ఎక్కువైనట్టే. అలా లోతుగా ప్లాస్టిక్‌ని కోస్తూ పోతే మొన తొందరగా అరుగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఒకేసారి బ్లేడూ మ్యాటూ రెండూ పోతాయి. ఇలా పెంచడం కంటే, మందం కాగితానికి అదే గీత మీద రెండోసారి కట్ చేయించడం మేలు. మ్యాట్ బయటికి తీయకుండా మళ్లీ బటన్ నొక్కితే చాలు.

అపోహ: బ్లేడ్ ఇన్ని నెలలు వస్తుంది

నెలల లెక్క అడిగినప్పుడల్లా నాకు ఓపిక నశిస్తుంది, ఎందుకంటే ఆ లెక్క చెప్పి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. డబ్బాలో ఉన్న బ్లేడ్ అరగదు. ఎంత పొడవు గీత కోసింది, ఏ మెటీరియల్ మీద కోసింది, ఎన్ని మలుపులు తిరిగింది అన్నవాటిమీదే దాని ఆయుష్షు ఉంటుంది. నెలకి రెండు పుట్టినరోజు టాపర్లు చేసుకునే ఇంట్లో ఒకే బ్లేడ్ ఏళ్ల తరబడి నడవచ్చు. రోజూ గ్లిట్టర్ షీట్లు కోసేవాళ్లకి చాలా త్వరగా పోతుంది.

స్టిక్కర్లకి వాడే వినైల్ షీట్ కంటే కాగితమే బ్లేడ్‌ని ఎక్కువ అరగదీస్తుందంటే చాలామంది నమ్మరు. కాగితంలో ఉండేది పీచు ఒక్కటే కాదు. తెల్లగా, నున్నగా రావడానికి అందులో కాల్షియం కార్బొనేట్, చైనా క్లే లాంటి ఖనిజాల పొడి కలుపుతారు. అది గరుకు. వినైల్ మెత్తటి ప్లాస్టిక్. గ్లిట్టర్ కార్డ్‌స్టాక్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. అది ఇసుక కాగితం మీద కత్తి లాగినట్టే.

అందుకే నేను రెండు బ్లేడ్లు వాడతాను. కొత్తది వినైల్‌కి, సన్నటి పనికి. అది కాస్త మందగించాక కార్డ్‌స్టాక్‌కి, చివరికి గ్లిట్టర్‌కి. డబ్బా మీద మార్కర్‌తో రాసుకుంటే కలిసిపోవు.

మరి నిజంగా అరిగిందని ఎలా తెలుసుకోవాలి? బ్లేడ్, హౌసింగ్ శుభ్రం చేయండి. జిగురున్న మ్యాట్ మీద మామూలు 80 జీఎస్ఎం జిరాక్స్ కాగితం అతికించి రోలర్‌తో నొక్కండి. కాపీ పేపర్ సెట్టింగ్‌లో ఒక చిన్న చతురస్రం, లోపల త్రికోణం కట్ చేయండి. ఈ కాగితం మీద కూడా మూలలు లేస్తే, అంచు పీచుగా వస్తే, ఇక ఆ బ్లేడ్ పని అయిపోయినట్టే. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే విరిగిన మొన చాలాసార్లు కనబడుతుంది కూడా. అప్పుడు నిశ్చింతగా కొత్తది కొనుక్కోండి. హౌసింగ్ మొత్తం కొనక్కర్లేదు, లోపలి బ్లేడ్ ఒక్కటే దొరుకుతుంది.

మిగిలినవి త్వరగా

అల్యూమినియం ఫాయిల్ ఉండలో గుచ్చితే పదును వస్తుందా? రాదు. మొనకి అంటిన జిగురు, పీచు వదులుతాయి, అంతే. కార్బైడ్ ముందు అల్యూమినియం ఎంతో మెత్తన, అది దీనికి పదునేం పెడుతుంది? శుభ్రం చేయడానికి మాత్రం మంచి పద్ధతి, వాడండి.

కత్తులు నూరే రాయి మీదో, ఎమరీ పేపర్ మీదో నూరొద్దు. ఆ మొన కోణం చేత్తో నిలపలేం. బ్లేడ్‌కి నూనె రాయొద్దు, కాగితానికి మరక పడుతుంది, పీచు ఇంకా అంటుకుంటుంది.

డీప్ పాయింట్ బ్లేడ్ బలమైనదని అన్నిటికీ అదే వాడేవాళ్లున్నారు. ఫైన్ పాయింట్ 45 డిగ్రీలు, డీప్ పాయింట్ 60 డిగ్రీలు. ఆ నిటారు కోణం మందపాటి వాటి కోసం. ఫోమ్ షీట్, మందం కార్డ్ అయితే డీప్ పాయింట్ వాడండి, పల్చటి కాగితానికి ఫైన్ పాయింట్ చాలు.

ఆన్‌లైన్‌లో ఐదూ పదీ కట్టలుగా దొరికే చవక బ్లేడ్లన్నీ చెత్తేనా? కాదు, కొన్ని బాగానే కోస్తాయి. ఒకే కట్టలో ఒక బ్లేడ్‌కీ ఇంకోదానికీ తేడా ఉండటమే వాటితో తంటా. అందుకే పెళ్లి ఆర్డర్ ముందురోజు కొత్త కట్ట విప్పొద్దు, ముందే చిన్న టెస్ట్ కట్ చేసి పెట్టుకోండి. బంగారు రంగు పూత చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

తీసేసిన బ్లేడ్‌ని చెత్తబుట్టలో అలాగే పడేయకండి. చెత్త ఏరేవాళ్ల చేతికి గుచ్చుకుంటుంది. దాని మూత ఉంటే పెట్టి, లేకపోతే టేప్ చుట్టి, ఖాళీ మాత్రల డబ్బాలో వేసి పిల్లలకి అందకుండా ఉంచండి. డబ్బా నిండాక మూతకి టేప్ వేసి, పైన "బ్లేడ్లు" అని పెద్దగా రాసి చెత్త తీసుకెళ్లేవాళ్లకి విడిగా ఇవ్వండి.