బట్టలు ఉతికిన నీళ్లు మొక్కలకు: నురగ పోయినా ఉప్పు పోదు

ఒంగోలులో మా నర్సరీకి ఎండాకాలం వచ్చేవాళ్లలో చాలామంది కొత్త మొక్కల కోసం రారు. ఇంట్లో ఉన్నదాన్ని ఎట్టా బతికించుకోవాలో అడగడానికి వస్తారు. పోయిన వారం లాయర్‌పేట నుంచి ఒకావిడ కవరులో కుండీ మట్టి, ఫోనులో నూరువరహాల మొక్క ఫొటో పట్టుకొచ్చింది. ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా.

"అన్నా, మూడుసార్లు డీఏపీ ఎరువు వేశా. ఇంకా పాలిపోతానే ఉంది."

నీళ్లేం పోస్తున్నారమ్మా అని అడిగాను.

"వాషింగ్ మెషిన్ నీళ్లే. రాత్రంతా బకెట్లో ఉంచి, నురగంతా పోయాకే పోస్తున్నా."

ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్కలేదు. అందుకే దీంతోనే మొదలుపెడుతున్నాను.

అపోహ: నురగ పోతే నీళ్లు మంచివైనట్టే.

వాస్తవం: కాదు. నురగ అంటే గాలి బుడగ, తెల్లారేసరికి పగిలిపోతుంది. నురగ తెప్పించే మందును కూడా మట్టిలోని సూక్ష్మజీవులు కొన్నాళ్లలో తినేస్తాయి. కానీ సబ్బుపొడిలో ఆ మందు కొంతే. మిగతాదాంట్లో చాలావరకు చాకలి సోడా, సోడియం సల్ఫేట్ లాంటి సోడియం లవణాలు. వాటిని తినే పురుగు లేదు. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. చినగంజాం ఉప్పు మడుల్లో జరిగేదే మీ కుండీలోనూ జరుగుతుంది.

మన రైతులకు పాలచౌడు (ఉప్పు పేరుకున్న నేల), కారుచౌడు (సోడియం పట్టి బిగుసుకుపోయిన నేల) తేడా బాగా తెలుసు. సబ్బుపొడి నీళ్లతో తయారయ్యేది కారుచౌడు. బంకమట్టి రేణువులను గుంపుగా పట్టి ఉంచేది కాల్షియం. సోడియం వచ్చి ఆ చోటులో కూర్చుంటే రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. తడిస్తే జిగట, ఆరితే బండ. నీళ్లు దిగవు, వేరుకు గాలి అందదు. పైగా ఆ నీళ్లకు క్షారగుణం ఎక్కువ కాబట్టి మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. ఆకు పసుపు, ఈనె పచ్చ అయ్యేది అందుకే. డీఏపీ కూడా ఒక లవణమే, వేసినకొద్దీ ఉప్పు పెరుగుతుంది. మన బోరు నీళ్లు అసలే ఉప్పగా ఉంటాయి, దాని మీద ఇదంతా.

నష్టం వెంటనే కనపడదు. మూడు నాలుగు నెలలు మొక్క కళకళలాడుతుంది. ఆ ధైర్యంతో మిగతా కుండీలకు కూడా పోస్తారు.

ఆవిడ ఎదురుగానే చేసి చూపించాను. రెండు గాజు గ్లాసుల్లో ఏసీ నుంచి కారిన నీళ్లు పట్టాను. దీనికి ఉప్పు లేని నీళ్లే కావాలి, బోరు నీళ్లు పనికిరావు. ఆమె తెచ్చిన మట్టి చెంచాడు చెంచాడు వేసి, ఒకదాంట్లో చిటికెడు జిప్సం (కాల్షియం ఉండే ఖనిజప్పొడి) కలిపాను. టీ తాగేలోపు జిప్సం గ్లాసులో మట్టి ముద్దలు కట్టి అడుక్కి దిగడం మొదలైంది. రెండోది మర్నాడు పొద్దున కూడా చిక్కటి టీలాగే ఉంది. ఆ ఫొటో ఆవిడకు పంపాను.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నర్సరీ పెట్టిన కొత్తలో రిటైరైన మాస్టారు ఒకాయన అడిగితే, నురగ పోయాక పోసుకోండి సార్ అని నేనే చెప్పాను. ఆయన నా మాట నమ్మి నిమ్మచెట్టుకు ఏడాది పాటు పోశారు. మరుసటి వేసవికి ఆకుల అంచులు కాలినట్టు అయిపోయి, పిందెలన్నీ రాలిపోయాయి. నిమ్మ ఉప్పుకు అసలు ఓర్చుకోదు, ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ చెట్టు మాత్రం దక్కలేదు.

"మా నాయనమ్మ కాలం నుంచీ పోస్తున్నాం కదా" అంటారు. పొదిలిలో మా ఇంట్లోనూ అంతే. బట్టల బండ దగ్గర్నుంచి చిన్న కాలవ తీసి కొబ్బరిచెట్టుకు, అరటికి వదిలేవాళ్లు. అప్పుడు వారానికి ఒక సబ్బుబిళ్ల, కింద బోలెడంత నేల. ఏటా వానలకు ఆ ఉప్పు లోపలికి కొట్టుకుపోయేది. డాబా మీద పన్నెండంగుళాల కుండీలో ఉప్పు ఎక్కడికి పోతుంది?

అపోహ: ఈ నీళ్లతో పండినవి తింటే క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: ఫోన్లలో తిరిగే ఈ మెసేజీ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దాన్ని నమ్మి, కాపు కాసే కొబ్బరిచెట్టును కొట్టించాలనుకున్న పెద్దమ్మ ఒకామె నాకు తెలుసు. పాపం, మనవళ్లకు ఏమవుతుందోనని ఆమె టెన్షన్. సబ్బు కొబ్బరిబోండాంలోకి ఎక్కదమ్మా, నిశ్చింతగా తాగండి. జాగ్రత్త వేరేచోట కావాలి. ఉతికిన నీళ్లలో ఒంటి మురికి, క్రిములు ఉంటాయి. కాబట్టి పచ్చిగా తినే ఆకులకు, ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలకు వద్దు. ఆకుల మీద చల్లవద్దు, మొక్క మొదలు దగ్గర మట్టికే పోయాలి. పసిపిల్లల మలమూత్రాల గుడ్డలు, జబ్బు మనిషి బట్టలు, బ్లీచింగ్ వేసిన బట్టలు ఉతికిన నీళ్లు నేరుగా డ్రైనేజీకే.

అపోహ: డ్రమ్ములో నిల్వ ఉంచితే తేరుకుంటాయి.

వాస్తవం: కుళ్లుతాయి, దోమలు గుడ్లు పెడతాయి. ఏ రోజువి ఆ రోజే పోసేయాలి.

అపోహ: ఆర్వో నుంచి వదిలేసే నీళ్లు వీటికంటే మంచివి.

వాస్తవం: అవి మీ బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడినవి. ఆర్వో బాగుచేసేవాళ్ల దగ్గరుండే టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) ముంచి చూడండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాగునీటి లెక్కలో లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఇబ్బంది లేదు, 2000 దాటితే ప్రమాదం.

మరి ఏం చేయాలి? సబ్బు కలిపిన మొదటి విడత నీళ్లు వదిలేయండి, ఆఖరిసారి జాడించిన నీళ్లు పట్టుకోండి. పొడి బదులు లిక్విడ్ వాడితే సాధారణంగా ఉప్పు తక్కువ. కొబ్బరి, గన్నేరు, కాగితంపూలు తట్టుకుంటాయి. నిమ్మ, మామిడి, గులాబీ, చిక్కుడు, నూరువరహాలకు వద్దు. ఒకే చెట్టుకు రోజూ పోయకుండా మారుస్తూ, మధ్యమధ్యలో మంచినీళ్లు పెట్టండి. మట్టి ఇప్పటికే బిగుసుకుపోతే జిప్సం వేసి గుల్ల చేసి, మంచినీళ్లతో కిందికంటా తడిపి ఉప్పును బయటికి దించాలి. జిప్సం వేసి ఊరుకుంటే ఉపయోగం లేదు. అక్టోబరు, నవంబరు వానలు ఆ పని ఉచితంగా చేసిపెడతాయి, ఆ రెండు నెలలు మెషిన్ పైపు డ్రైనేజీకి తిప్పేయండి.

లాయర్‌పేట ఆవిడ నూరువరహాలను కొత్త మట్టిలోకి మార్చింది. కుండీలకు ఇప్పుడు ఏసీ నీళ్లు పడుతోంది. ఆఖరిసారి జాడించిన నీళ్లు మాత్రమే పోయేలా మెషిన్ పైపు పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గరికి లాగించింది. నిన్న మళ్లీ ఫొటో పెట్టింది. పాత ఆకులు పసుపుగానే ఉన్నాయి, చివర్న రెండు చిగుళ్లు మాత్రం ఆకుపచ్చగా వచ్చాయి.