క్యాన్ నీళ్ళకు ఒక హద్దు, కొళాయి నీళ్ళకు ఇంకో హద్దు

పురుగుమందుల కొత్త చట్టం మాట మళ్ళీ లేచింది. చెన్నైలో దాంతోపాటే లేచే ప్రశ్న ఒకటుంది: నగరానికి తాగునీళ్ళిచ్చే పూండి, వీరాణం చెరువుల్లోకి పొలాల మందు చేరితే జవాబుదారీ ఎవరు? తెలుగుగంగ ఒప్పందంతో పూండికి వచ్చే కృష్ణా నీళ్ళ సంగతి ఇక్కడి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ గొడవ అర్థం కావాలంటే 2003కి వెళ్ళాలి.

ఆ ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సీసా నీళ్ళలో లిండేన్, డీడీటీ, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఉన్నాయని బయటపెట్టింది. ఆగస్టులో కూల్ డ్రింకుల వంతు వచ్చింది. శరద్ పవార్ అధ్యక్షతన పార్లమెంటు సంయుక్త సంఘం కూర్చుంది. ఈలోపే ప్రభుత్వం సీసా నీళ్ళకు హద్దు గీసేసింది. 2004 జనవరి 1 నుంచి లీటరుకు ఏ ఒక్క మందూ 0.1 మైక్రోగ్రాము దాటకూడదు, అన్నీ కలిపి 0.5 దాటకూడదు. మంచి నిర్ణయమే. కానీ ఆ హద్దు డబ్బు పెట్టి కొనుక్కునే నీళ్ళ దగ్గరే ఆగిపోయింది.

కొళాయి నీళ్ళకు 1991 నాటి ఐఎస్ 10500 ప్రమాణం ఉండేది. పురుగుమందు అసలు ఉండకూడదని, వేరే నీటి ఆధారం లేకపోతే లీటరుకు 1 మైక్రోగ్రాము వరకు ఓర్చుకోవచ్చని అది చెప్పింది. 2012లో దాన్ని తిరగరాసినప్పుడు ఒక్కో మందుకు ఒక్కో హద్దు పెట్టారు. క్లోర్‌పైరిఫాస్‌కు 30 మైక్రోగ్రాములు, బ్యూటాక్లోర్ అనే కలుపు మందుకు 125, మలాథియాన్‌కు 190. తాగడానికి క్యాన్, వంటకు మెట్రోవాటర్ కొళాయి నీళ్ళు వాడే ఇంట్లో ఒకే క్లోర్‌పైరిఫాస్‌కు రెండు హద్దులున్నాయి. వాటి మధ్య తేడా 300 రెట్లు.

ఎకరం వరికి 20 శాతం క్లోర్‌పైరిఫాస్ అర లీటరు కొడతారు. అందులో అసలు మందు 100 గ్రాములు. అదంతా నీళ్ళలో కలిసిందనుకుంటే, సీసా హద్దుకు దించడానికి 100 కోట్ల లీటర్లు కావాలి. చెన్నైకి ఒక రోజు సరఫరా దాదాపు అంత. కొళాయి హద్దుకైతే 33 లక్షల లీటర్లు చాలు. మందు మొత్తం నీళ్ళలోకి రాదు, చాలావరకు మట్టికే అంటుకుంటుంది. అయినా ఏ హద్దు ఎంత వదులో దీన్నిబట్టే తెలుస్తుంది.

మందుల కంపెనీల వాదన ఇది: 0.1 అనేది ఆరోగ్య లెక్క కాదు, యూరప్ 1980లో ‘అసలు వద్దు’ అనడానికి పెట్టుకున్న అంకె. 30 మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన విలువ. మాట నిజమే. కానీ ఆ విలువ ఒక్కో మందును విడిగా చూసి కట్టింది. చెరువులోకి మందులు విడివిడిగా రావు. సీసా నీళ్ళకున్న ‘అన్నీ కలిపి’ అనే హద్దు కొళాయి పట్టికలో లేదు. పైగా ఆ పట్టికలో పేర్లు పద్దెనిమిదే. ఆల్డ్రిన్, ఎండోసల్ఫాన్, ఫోరేట్ లాంటి నిషేధించిన మందులు అందులో ఉన్నాయి. వరికి పట్టే సుడిదోమకు ఇప్పుడు కొట్టే ఇమిడాక్లోప్రిడ్, బుప్రొఫెజిన్ లేవు. పట్టికలో లేనిదాన్ని ల్యాబు వెతకదు.

నీటి శుద్ధి ప్లాంటు కాపాడుతుందనుకోవడం పొరపాటు. పటిక వేసి, తేర్చి, ఇసుకలో వడగడితే మట్టికి అంటిన మందు పోతుంది. కరిగినది మిగిలిపోతుంది. ఆ తర్వాత కలిపే క్లోరిన్ క్లోర్‌పైరిఫాస్‌ను దానికన్నా విషపూరితమైన ఆక్సాన్‌గా మారుస్తుంది. లీటరుకు 10-20 మిల్లీగ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ పొడి వేస్తే కరిగినది చాలావరకు దిగుతుంది. కానీ క్లోరిన్‌కు ముందే వెయ్యాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఎప్పుడు వెయ్యాలో తెలియాలంటే, మందు కొట్టాక పడిన మొదటి వానకు వచ్చే నీటిని పట్టాలి. అది కొన్ని గంటల వ్యవహారం, నెలకోసారి తీసే నమూనాకు దొరకదు. పట్టినా ముదురు రంగు గాజు సీసాలోనే పట్టి, ఐసులో పెట్టి పంపాలి. ప్లాస్టిక్ సీసాలో మందు గోడకు అంటుకుని తక్కువ చూపిస్తుంది.

ఇక పొలం. 1968 పురుగుమందుల చట్టం తయారీదారును, అమ్మేవాణ్ణి పట్టుకుంటుంది. రైతు తన సాగు భూమిలో వాడుకునే మందుకు ఆ చట్టం వర్తించదని 38వ సెక్షన్ చెబుతుంది. 1974 నీటి చట్టం కింద ఇచ్చే అనుమతులు ఫ్యాక్టరీల, ఊళ్ళ మురుగుకే. మడి తూము దగ్గర ఆ అనుమతి అడిగేవాళ్ళు లేరు.

ఆ సెక్షన్ తీసేసి రైతుకు జరిమానా వెయ్యాలని నగరంలో కొందరంటున్నారు. రైతుల మాట వినాలి. నాటిన 3-5 రోజుల్లో ఎకరాకు లీటరు, లీటరున్నర బ్యూటాక్లోర్‌ను 20-25 కిలోల పొడి ఇసుకలో కలిపి, పలచగా నీళ్ళుంచి చల్లుతారు. ఆ తర్వాత కొన్ని రోజులు నీళ్ళు పెట్టకూడదు, తీయకూడదు. అలా ఆపితే కలుపూ చస్తుంది, మందూ మడిలోనే విరుగుతుంది. కానీ మడి నుంచి మడికి పారే ఆయకట్టులో పైమడి నీళ్ళు వచ్చి పడుతుంటే కిందిమడివాడు ఎలా ఆపుతాడు? గట్టుకు ఎండ్రకాయ బొక్క పడితే రాత్రికి రాత్రే కాలువలో కలుస్తుంది. సుడిదోమకైతే మడి ఆరబెట్టి మొదళ్ళు తడిసేలా కొట్టమంటారు. మర్నాడు వాన పడితే కొట్టిందంతా మురుగు కాలువ పాలు.

కాలిఫోర్నియాలో శాక్రమెంటో నది నీళ్ళు వరి కలుపు మందుతో చేదెక్కినప్పుడు, 1980ల్లో మొదట కట్టడి చేసింది మడి నీళ్ళనే. మందును బట్టి దాదాపు నెల వరకు వదలకూడదన్నారు. పూండి, వీరాణం పైన అదే పని చెయ్యాలంటే ఒక్కో మందుకు ఎన్ని రోజులు ఆపాలో డబ్బా లేబుల్ మీదే తెలుగులో, తమిళంలో రాయాలి. ప్రతి మడికీ విడిగా నీళ్ళు అందేలా బోదెలు తవ్వాలి. ఆ ఖర్చు రైతు మీద వెయ్యకూడదు. ఆ నీళ్ళు తాగే నగరమే పెట్టుకోవాలి.