మూడు సెంటీమీటర్లు పెరిగితే నిలకడ పెరిగినట్టేనా?

ఆటగాళ్ల నిలకడను కొలవడానికి ఖరీదైన యంత్రాలే కావాలని లేదు. నేల మీద మూడు టేపులు అతికించాలి. ఒకటి ముందుకు, మిగతా రెండూ దానికి 135 డిగ్రీల కోణంలో వెనక్కి. చెప్పుల్లేకుండా ఆ కూడలిలో ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదాన్ని ఒక్కో టేపు వెంబడి ఎంత దూరం చాచగలరో చూడాలి. ఇదే వై బ్యాలెన్స్ టెస్ట్. చాచిన పాదం మీద బరువు మోపినా, తూలినా, మళ్లీ మొదటి భంగిమకు రాలేకపోయినా ఆ ప్రయత్నం చెల్లదు. నిలబడ్డ కాలి మడమ లేచినా అంతే. కొలిచేవాళ్ల కళ్లు టేపు మీద ఉండటంతో ఈ మడమ సంగతే ఎక్కువగా తప్పించుకుపోతుంది.

పొడుగు కాళ్లవాళ్లు సహజంగానే దూరం చాస్తారు కాబట్టి కాలి పొడవుతో భాగించక తప్పదు. తుంటి ముందు చేతికి తగిలే ఎముక మొన నుంచి చీలమండ లోపలి గుబ్బ దాకా కొలవాలి. ఒక క్రీడాకారిణి కాలి పొడవు 88 సెం.మీ., మూడు దిక్కుల్లో చాచినవి 60, 96, 92 అనుకుందాం. మొత్తం 248ని 264తో, అంటే మూడు రెట్ల కాలి పొడవుతో భాగిస్తే 93.9 శాతం. అమెరికాలో హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 94 శాతం కంటే తక్కువ వచ్చిన అమ్మాయిలకు కాలి గాయాల ముప్పు దాదాపు ఆరున్నర రెట్లు కనిపించింది. మన అమ్మాయి కాలిని 87 అని కొలిస్తే 95.0, 89 అని కొలిస్తే 92.9. టేపు ఒక్క సెంటీమీటరు జారితే ఆమె గీతకు ఇటు నుంచి అటు మారిపోతుంది. ఆ గీతను కబడ్డీ ఆడే మగపిల్లలకు పెట్టడమైతే మరీ అన్యాయం.

అందుకే వ్యాయామం ఫలించిందా అని అడిగే ముందు, మన కొలత ఎంత ఊగుతుందో తేల్చుకోవాలి. కొత్త వ్యాయామాలేవీ మొదలుపెట్టకుండా, అదే జట్టును వారం తేడాతో రెండుసార్లు కొలవండి. ఒక్కొక్కరి రెండు కొలతల తేడాలు రాసి, వాటి ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె, కట్టండి. అది 2 సెం.మీ. వచ్చిందంటే, దాన్ని 1.96తో గుణిస్తే సుమారు 4. ఒక ఆటగాడిలో నాలుగు సెంటీమీటర్ల లోపు మార్పు వస్తే అది కొలతలోని ఊగిసలాటే కావచ్చు.

ఇప్పుడు నాలుగు వారాల శిక్షణ తర్వాత పదిమందిలో ముందు దిక్కున వచ్చిన తేడాలు ఇవనుకుందాం: 4, 1, 6, −2, 3, 5, 0, 2, 7, 4. సగటు 3. ప్రామాణిక విచలనం 2.79. దాన్ని పది వర్గమూలంతో భాగిస్తే 0.88. మూడును 0.88తో భాగిస్తే 3.4. సగటు మార్పు దాని ఊగిసలాటకు ఎన్ని రెట్లో చెప్పే ఈ అంకెనే టి విలువ అంటారు. పదిమందికి టి పట్టికలో ఉన్న హద్దు 2.26 కాబట్టి జట్టు మెరుగైందనే చెప్పాలి. అసలు పెరుగుదల 1 నుంచి 5 సెం.మీ. మధ్య ఉండొచ్చు. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గోసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఈ పరీక్షను ఇచ్చింది ఇలాంటి చిన్న నమూనాల కోసమే. కానీ విడివిడిగా చూస్తే నాలుగు దాటినవాళ్లు ముగ్గురే. జట్టు సగటు చూసి మిగతా ఏడుగురికీ ‘నువ్వూ మెరుగయ్యావు’ అని చెప్పలేం.

ఆ మూడు సెంటీమీటర్లూ శిక్షణ పుణ్యమేనా అన్నది వేరే ప్రశ్న. ఈ వై బ్యాలెన్స్ టెస్ట్ చేసేకొద్దీ చేయి తిరుగుతుంది. అందుకే ఒక్కో దిక్కుకు నాలుగు నుంచి ఆరు అలవాటు ప్రయత్నాలు చేయించాకే లెక్కకొచ్చే మూడు ప్రయత్నాలూ రాసుకోవాలి. ఇక బాగా తక్కువ వచ్చినవాళ్లనే ఏరి శిక్షణ ఇస్తే, ఏమీ చేయకపోయినా రెండోసారి వాళ్ల సగటు కాస్త పెరుగుతుంది. మొదటిరోజు దురదృష్టం రెండోరోజూ వెంటరాదు మరి. ఈ రెండింటికీ విరుగుడు, చీటీలు తీసి సగంమందిని మామూలు సాధనలోనే ఉంచి పోల్చడం.

వ్యాయామ అలవాట్ల దగ్గర చిక్కంతా జ్ఞాపకంతోనే. ‘వారానికెన్ని గంటలు?’ అంటే గుండ్రని అంకెలే వస్తాయి. సాధన ముగిశాక అరగంటలో నిమిషాలూ, పదికి ఎంత కష్టమనిపించిందో రాయించి గుణిస్తే మేలు: 60 నిమిషాలు, కష్టం 7 అయితే ఆ రోజు భారం 420. తొమ్మిదిమంది ఐదేసి గంటలు, ఒకడు ఇరవై గంటలు చేస్తే సగటు ఆరున్నర; జట్టులో ఎవరూ ఆరున్నర గంటలు చేయడం లేదు. ఇక్కడ మధ్యగతం, అంటే వరుసలో పేరిస్తే నడుమకొచ్చే ఐదు, నిజానికి దగ్గర.

ఈ గంటలకూ నిలకడకూ సహసంబంధం, అంటే ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతోందా అన్నది, చూడాలంటే ముందు చుక్కల పటం గీయండి. పదిమందే ఉంటే ఆ సంబంధం బలాన్ని చెప్పే గుణకం 0.63 దాటితే తప్ప యాదృచ్ఛికం కాదనలేం. దాటినా సీనియర్లనూ జూనియర్లనూ కలిపేశారేమో చూసుకోండి. వయసు పెరిగేకొద్దీ సాధనా, కాలి బలమూ రెండూ పెరుగుతాయి. ఇరవైమందిని కొలిచి, రెండేసి కాళ్ల చొప్పున నలభై అని రాయడమూ తరచుగా కనిపించే తప్పే. ఒకే మనిషి రెండు కాళ్లూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి నమూనా ఇరవై మాత్రమే. నలభై వేస్తే లేని ఖచ్చితత్వం కాగితం మీదకి వచ్చేస్తుంది.