స్టాండలోన్ ఈసీయూ సెన్సార్లు: బెంగళూరు గ్యారేజీల్లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

కంపెనీ ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) తీసేసి, మనమే ట్యూన్ చేసుకునే స్టాండలోన్ ఈసీయూ వేయించుకున్న బండికి ఏ తేడా వచ్చినా మొదట వినపడే మాట ఒకటే: "సెన్సార్ పోయిందన్నా, కొత్తది వేసేద్దాం." జేసీ రోడ్డుకెళ్లి కొత్తది తెస్తారు, బిగిస్తారు. బండి ఎప్పటిలాగే మొరాయిస్తుంది. సెన్సార్‌కి డిగ్రీలు, ప్రెషర్లు తెలియవు. మనం వాడే సెన్సార్లలో చాలావరకు పంపేది వట్టి వోల్టేజీయే. దాన్ని అంకెగా మార్చేది ఈసీయూలో మనం ఎక్కించిన క్యాలిబ్రేషన్. తప్పు సెన్సార్‌లోనే ఉండాలని లేదు. వైరింగ్‌లో ఉండొచ్చు, ఎర్త్‌లో ఉండొచ్చు, మనం ఎక్కించిన క్యాలిబ్రేషన్‌లోనే ఉండొచ్చు.

అపోహ: ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే మ్యాప్ సెన్సార్ (ఇంటేక్ మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) 100 కిలోపాస్కల్స్ చూపాలి. 91 చూపిస్తే పాడైనట్టే.

చెన్నైలో అయితే ఆ మాట సరే, అక్కడ 101 దాకా చూపిస్తుంది. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడే 91కి అటూ ఇటూగా ఉంటుంది. అదే బండిని నంది హిల్స్ పైకి తీసుకెళ్తే 85 చూపిస్తుంది. రెండు చోట్లా సెన్సార్ నిజమే చెబుతోంది. అది తెలియక క్యాలిబ్రేషన్‌లో 9 కలిపి, 100 వచ్చిందని సంతోషపడేవాళ్లున్నారు. ఇక అక్కడి నుంచి ఐడిల్ దగ్గర్నుంచి ఫుల్ థ్రాటిల్ దాకా ఇంజన్ ఫ్యూయల్ టేబుల్‌లో (ఏ ఒత్తిడికి, ఏ ఆర్‌పీఎంకి ఎంత పెట్రోల్ అని చెప్పే పట్టిక) తనది కాని గడిలోనే పెట్రోల్ వెతుక్కుంటుంది.

సరిచూడాలంటే బారోమీటర్ ఉన్న ఫోన్ చాలు. వాతావరణం యాప్‌లో కనిపించే 1012, 1013 (హెక్టోపాస్కల్స్, పదితో భాగిస్తే కిలోపాస్కల్స్) మాత్రం నమ్మొద్దు. అది సముద్ర మట్టానికి సరిచేసి చెప్పే లెక్క, మీ బానెట్ కింద ఉన్న గాలిది కాదు.

దీనికి ఇంకో కొస ఉంది, ఎవరూ పట్టించుకోరు. టర్బో లేని జిప్సీనో ఎస్టీమ్‌నో ఇక్కడ ట్యూన్ చేస్తే, పెడల్ పూర్తిగా తొక్కినా మ్యాప్ 90 దాటదు. అంటే టేబుల్‌లో 95, 100 వరుసల్ని ఎవరూ తాకలేదన్నమాట. ఆ బండిని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తే మొదటి ల్యాప్‌లోనే ఇంజన్ నేరుగా ఆ వరుసల్లోకి వెళ్తుంది. ఒక్కోసారి లీన్ అవుతుంది (గాలికి తగినంత పెట్రోల్ అందదు), నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండడం) మొదలవుతుంది, నింద మళ్లీ సెన్సార్ మీదికే వస్తుంది. ఘాట్ దిగేముందే పై వరుసల్ని కాస్త రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) నింపి, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పెట్టుకోవాలి. అక్కడికి చేరాక లాగ్ చూసి సరిచేసుకోవచ్చు.

అపోహ: ఎర్త్ ఎక్కడ కలిపినా ఎర్తే.

నా దగ్గరికొచ్చే తలనొప్పుల్లో ఎక్కువ ఇక్కడివే. మామూలు వైడ్‌బ్యాండ్ (పొగలో ఆక్సిజన్ చూసే సెన్సార్) కంట్రోలర్ ఒకటి తీసుకోండి: 0 వోల్టులకి ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి) 10, 5 వోల్టులకి 20. అంటే 0.1 వోల్ట్ తేడా పడితే 0.2 ఏఎఫ్ఆర్ తప్పు. కంట్రోలర్ ఎర్త్ బాడీకి, ఈసీయూ ఎర్త్ ఇంజన్ బ్లాక్‌కి ఉంటే, రేడియేటర్ ఫ్యాన్ తిరగ్గానే ఆ 0.1 వచ్చేస్తుంది. డ్యాష్ మీద గేజ్ 13.0 చూపిస్తుంటే లాప్‌టాప్ 13.2 అంటుంది. ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్, హెడ్‌లైట్లు అన్నీ వేసి, మల్టీమీటర్ ఒక ప్రోబ్ కంట్రోలర్ ఎర్త్‌కి, ఇంకోటి ఈసీయూ ఎర్త్‌కి పెట్టి మిల్లీవోల్టులు చూడండి. అన్నీ ఆపి మళ్లీ చూడండి. అంకె కదిలితే దొంగ దొరికినట్టే. సెన్సార్ ఎర్త్ వైర్లు ఈసీయూ పిన్‌కే వెళ్లాలి, దారిలో బాడీ బోల్టుకి కాదు.

అపోహ: వైడ్‌బ్యాండ్ లీన్ అంటే పెట్రోల్ పెంచాలి.

వైడ్‌బ్యాండ్ చూసేది సైలెన్సర్‌లో ఎంత ఆక్సిజన్ మిగిలిందన్నదే. ఒక సిలిండర్ మిస్సింగ్ కొడితే, మండని గాలంతా అటే వెళ్తుంది. పెట్రోల్ కూడా మండకుండానే పోతున్నా అంకె మాత్రం లీన్ అంటుంది. మీరు పెట్రోల్ పెంచుతారు, ప్లగ్గులు తడుస్తాయి, మిస్సింగ్ ఎక్కువవుతుంది, అంకె ఇంకా లీన్ అవుతుంది. సెన్సార్‌కి ముందు గ్యాస్కెట్ లీకున్నా ఇదే కథ. ముందు ప్లగ్గులు, కాయిల్, ఫ్లాంజ్ చూడండి, ఆ తర్వాతే టేబుల్ తెరవండి. ఇంకోమాట, బాష్ 4.9 వైడ్‌బ్యాండ్ సెన్సార్ కనెక్టర్ కోసి వైర్లు ముడేయొద్దు. ఫ్యాక్టరీలో ఆ సెన్సార్‌కే కొలిచి పెట్టిన రెసిస్టర్ ఆ కనెక్టర్‌లోనే ఉంటుంది.

అపోహ: రెండు వైర్ల టెంపరేచర్ సెన్సార్ ఏదైనా ఒకటే.

20 డిగ్రీల దగ్గర సాధారణ బాష్ సెన్సార్ 2.5 కిలో ఓమ్‌లు, జీఎం రకం దాదాపు 3.5. జీఎం కర్వ్ (ఏ వేడికి ఎన్ని ఓమ్‌లన్న లెక్క) ఎక్కించి బాష్ సెన్సార్ పెడితే 20ని 27 అంటుంది. పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ అక్కడి నుంచే. ఏ రకమో తెలియకపోతే ఐస్ నీళ్లు, మామూలు నీళ్లు, మరిగే నీళ్లు, మూడింట్లో ముంచి ఓమ్‌లు రాసుకుని ఎక్కించండి. సెన్సార్ గిన్నె అడుగుకి తగలకూడదు. మరిగే నీళ్లని 100 అని రాయకండి, బెంగళూరులో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి.

స్క్రీన్ మీద మైనస్ 40 కనిపిస్తే కొత్త సెన్సార్ కొనకండి. ఎక్కడో వైర్ తెగింది, లేదా కనెక్టర్ ఊడింది.

ఇంటేక్ గాలి సెన్సార్‌ని మానిఫోల్డ్ మీద బిగిస్తే, సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అది లోహం వేడి చెబుతుంది, గాలి వేడి కాదు. ఫిల్టర్ వైపు పైపులోకి మార్చండి, అంతే.

అపోహ: చేత్తో థ్రాటిల్ తిప్పి టీపీఎస్ (థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సార్) క్యాలిబ్రేట్ చేస్తే చాలు.

సీట్లో కూర్చుని పెడల్ తొక్కి చేయండి, కింద మ్యాట్ ఉంచే. రోడ్డు మీద థ్రాటిల్ తెరుచుకునేది అంతవరకే.

అపోహ: ఇంజన్ స్టార్ట్ అయిందంటే క్రాంక్ సెన్సార్ (క్రాంక్ షాఫ్ట్ ఎక్కడ తిరుగుతోందో చెప్పేది) సరిగానే ఉంది.

రెండు వైర్ల మాగ్నెటిక్ పికప్ అయితే, వైర్లు తారుమారైనా బండి స్టార్ట్ కావొచ్చు. ఆర్‌పీఎం పెరిగే కొద్దీ టైమింగ్ జారుతుంది, లేదా సింక్ (క్రాంక్ ఎక్కడుందన్న ఈసీయూ లెక్క) పోయి ఇంజన్ దగ్గుతుంది. ఈసీయూలో టైమింగ్‌ని 10 డిగ్రీల దగ్గర లాక్ చేసి, టైమింగ్ లైట్ పట్టుకుని, 1000 నుంచి 4000 దాకా నెమ్మదిగా రేజ్ చేయండి. పుల్లీ మీద మార్కు కదలకూడదు. కదిలినా, ఎగిరినా ముందు రెండు వైర్లు అటుదిటు మార్చి చూడండి. అప్పటికీ ఆర్‌పీఎంతో పాటు కొద్దికొద్దిగా వెనక్కి జారుతుంటే, ఈసీయూలో ఇగ్నిషన్ డిలే సెట్టింగ్ సరిచేయండి. షీల్డ్ వైర్‌ని ఈసీయూ వైపు ఒక్క చోటే ఎర్త్ చేయాలి. మార్కు నిలబడేదాకా ఇగ్నిషన్ టేబుల్ జోలికి వెళ్లొద్దు, ఎందుకంటే స్క్రీన్ మీద 25 అని కనిపించే చోట ఇంజన్ నిజంగా 32 దగ్గర మండుతుండొచ్చు.