సున్ త్జు గ్రంథం ఐరోపాకు చేరిన దారి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో మీరిద్దరూ పోటీపడి చదివిన సున్ త్జు యుద్ధగ్రంథం గురించి మీకు రాయాలనిపించింది. ప్రాచీన చైనాలో పుట్టిన ఆ 13 అధ్యాయాలు ఐరోపాకు నేరుగా వెళ్ళలేదు, మధ్యలో వేరే భాషల గడప తొక్కి వెళ్ళాయి.

మొదట అందించినవాడు సైనికుడు కాదు, మతగురువు. ఫ్రాన్సులోని తులోన్‌లో 1718లో పుట్టిన జోసెఫ్ మారీ అమియో, జెస్యూట్ అనే క్రైస్తవ మతగురువుల సంఘం తరఫున 1751లో పెకింగ్ (నేటి బీజింగ్) చేరి, 1793లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయాడు. అప్పటి చైనా చక్రవర్తులు వేరే భాష ఉన్న మంచూ జాతివారు కనుక ప్రాచీన గ్రంథాలకు మంచూ అనువాదాలు ఉండేవి. ఆయన ముఖ్యంగా వాటి ఆసరాతోనే సున్ త్జును, మరికొన్ని యుద్ధగ్రంథాలను ఫ్రెంచిలోకి తెచ్చాడు. 1772లో అది పారిస్‌లో అచ్చయింది. నెపోలియన్ దాన్ని చదివి యుద్ధాలు గెలిచాడనే మాట మీరూ వినే ఉంటారు కానీ, దానికి నమ్మదగిన ఆధారం లేదు.

ఇంగ్లీషులోకి రావడానికి ఇంకా 130 ఏళ్ళకు పైగా పట్టింది. జపాన్‌లో ఉన్న బ్రిటిష్ సైనికాధికారి కాల్‌త్రాప్ 1905లో టోక్యోలో అచ్చువేయించిన అనువాదంలో సున్ త్జు పేరు ‘సోన్షి’ అయింది, ఆయన కొలువు చేశాడని చెప్పే వు రాజ్యం ‘గో’ అయింది. చైనా లిపిని జపనీయులు తమ ఉచ్చారణలో చదువుతారు. ఆయన విన్నది ఆ ఉచ్చారణే. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే లయొనెల్ జైల్స్ ఆ అనువాదాన్ని చాలా తీవ్రంగా విమర్శించి, చైనా మూలాన్ని, వ్యాఖ్యానాలను దగ్గర పెట్టుకుని 1910లో తన అనువాదాన్ని వెలువరించాడు. జైల్స్ పాండిత్యం గొప్పదే అయినా, ముందు నడిచినవాడి మీద అంత కాఠిన్యం అవసరం లేదని నాకనిపిస్తుంది.

మూలంలో ‘సున్ త్జు అన్నాడు’ అన్న తర్వాత వచ్చే మొదటి మాట ‘బింగ్’. ఆయుధం, సైనికుడు, సైన్యం, యుద్ధం అన్నీ ఆ ఒక్క అక్షరంలోనే ఉన్నాయి. రాజ్యానికి అది మహత్తర విషయమని గ్రంథం మొదలవుతుంది. అమియో అక్కడ సైన్యం అన్నాడు, జైల్స్ యుద్ధకళ అన్నాడు. మొదటిది చదివినవాడికి కళ్ళ ముందు మనుషులు కనిపిస్తారు, రెండోది చదివినవాడికి ఒక విద్య కనిపిస్తుంది.

మీ దగ్గరున్న ప్రతిలో ఆ మొదటి వాక్యం ఎలా ఉందో చూసి నాకు జాబు రాయండి.

మీ తాతయ్య