మంచాన పడటానికి పాతికేళ్ల ముందు

సింహాచలంలో దర్శనం అయ్యాక పెద్దవాళ్లు కాసేపు గట్టు మీద కూర్చుంటారు. చాలామంది పెదవుల మీద ఒక శ్లోకం కదులుతుంటుంది: ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం’. సునాయాసంగా పోవాలి, ఉన్నన్నాళ్లూ ఒకరి దయ మీద బతక్కూడదు అని ఆ ప్రార్థన. ఇంట్లో మాటల్లో అయితే ‘కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలి’ అంటారు. చావు కన్నా మంచాన పడటానికే మనవాళ్లు ఎక్కువ భయపడతారు. అందులో తప్పేమీ లేదు. అయితే డెబ్బయ్యో ఏట వచ్చిపడే ఆ పరాధీనతకు చాలావరకు నలభై, యాభైల్లోనే పునాది పడుతుందని వైద్యులకు తెలియడానికే కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ మాట విశాఖ ఇళ్లలోకి చేరేసరికి ఒక తరం ఆ వయసు దాటిపోయింది.

మా పెదనాన్న ఆ తరం మనిషి. ఈ ఊరు పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో పెరిగింది. 1933లో పోర్టు మొదలైంది. 1948లో ఇక్కడి షిప్‌యార్డు నుంచి ‘జల ఉష’ సముద్రంలోకి దిగింది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగితే, 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కుర్రవాళ్లు వచ్చి రకరకాల పరిశ్రమల్లో కుదురుకున్నారు. ఇరవైల్లో వాళ్లు చేసింది ఒళ్లు వంచి చేసే పని. నలభై వచ్చేసరికి చాలామందికి ప్రమోషను వచ్చింది, కుర్చీ వచ్చింది, సైకిలు పోయి స్కూటరు వచ్చింది. తిండి మాత్రం పాతదే: అదే అన్నం రాశి, అదే ఊరగాయ, రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి టీ, సిగరెట్టు. కష్టం తగ్గిందని అందరం సంతోషించాం. ఒంటికి ఏం తగ్గిందో ఎవరూ లెక్క చూడలేదు.

పెదనాన్నకు నలభై అయిదో ఏట ఒక వైద్య శిబిరంలో బీపీ ఎక్కువగా ఉందని చెప్పారు. ‘తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇక జబ్బెక్కడిది?’ అన్నారాయన. నెల రోజులు మాత్రలు వేసుకుని మానేశారు. ఆయన్ను తప్పు పట్టలేను. వయసుకు వంద కలిపితే ఎంత వస్తుందో అంత బీపీ ఉండవచ్చని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అరవై ఏడో ఏట కుడివైపు పక్షవాతం వచ్చింది.

ఒక మనిషి తన పనులు తాను చేసుకోగలడా లేదా అని కొలవడానికి అమెరికాలో సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ఆరు పనుల జాబితా తయారుచేసింది. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఇప్పటికీ ప్రపంచమంతా ఇంచుమించు ఈ కొలతే వాడుతుంది. దాని ప్రకారం పెదనాన్న ‘తినగలరు’. కానీ మొదటి రోజు కంచం ముందు కూర్చుని, పప్పన్నంలోకి ఎడమ చేయి పెట్టబోయి ఆగిపోయారు. పెద్దమ్మ స్నానం చేయించినప్పుడు కూడా రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. మర్నాటి నుంచి స్పూను పట్టారు. మన శ్లోకంలోని ‘దైన్యం’ అన్న మాట నాకు ఆ కంచం దగ్గరే అర్థమైంది.

నిజానికి ఆధారాలు ఆయన ఉద్యోగంలో చేరక ముందు నుంచే పోగుపడుతున్నాయి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి 5,209 మందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. నొప్పీ నలతా లేని బీపీ కూడా గుండెనూ మెదడునూ దెబ్బతీస్తుందని ప్రపంచానికి తెలిసింది ప్రధానంగా అక్కడి నుంచే. లండన్ వైద్యుడు జెరెమీ మోరిస్ బస్సు సిబ్బంది మీద చేసిన అధ్యయనాన్ని 1953లో ప్రకటించారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కన్నా, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. కూర్చునే పనిని వైద్యులు అనుమానించడం అక్కడే గట్టిపడింది.

మన తీరం కూడా ఈ కథలో ఉంది, అయితే అది పొగాకు వైపు నుంచి. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అలవాటును ‘అడ్డపొగ’ అంటారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లె జనాన్ని పరీక్షించి, ఆ అలవాటు అంగిలిని ఎలా కాలుస్తుందో 1971లో పరిశోధకులు ప్రకటించారు. ఇంత దగ్గర నుంచి వచ్చిన హెచ్చరిక కూడా సాగరతీరపు గుడిసెల్లోకి తొందరగా చేరలేదు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై దేశవ్యాప్త నిషేధం గట్టిగా అమల్లోకి వచ్చింది 2008 అక్టోబరులో.

మళ్లీ కాస్త వెనక్కి వెళితే, 1970ల దాకా చర్చ ఎక్కువగా ఆయుష్షు గురించే. బతికిన ఏళ్లలో ఎన్ని మంచంలో గడుస్తాయి అన్న ప్రశ్నను 1980లో స్టాన్‌ఫర్డ్ వైద్యుడు జేమ్స్ ఫ్రైస్ ముందుకు తెచ్చారు. ఆయుష్షు పెరిగితే జబ్బుతో గడిపే ఏళ్లు కూడా పెరుగుతాయని అప్పటికి చాలామంది దిగులుపడుతున్నారు. ఫ్రైస్ అందుకు ఒప్పుకోలేదు. చావు వెనక్కి జరిగే దానికన్నా జబ్బు మొదలయ్యే వయసు ఎక్కువ వెనక్కి జరిగితే మధ్యలోని కష్టకాలం కుదించుకుపోతుందని వాదించారు. మన పెద్దలు గుడి గట్టు మీద కోరుకునేది సరిగ్గా అదే.

వాదనకు రుజువు దొరకడానికి మరో పద్దెనిమిదేళ్లు పట్టింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న 1,741 మంది అలవాట్లు 1962 నుంచి నమోదై ఉన్నాయి. అప్పటికి వాళ్ల సగటు వయసు 43. పొగతాగడం, బరువు, వ్యాయామం, ఈ మూడింటి లెక్కలో వెనకబడినవారు ముసలితనంలో మంచి అలవాట్లున్నవారికన్నా రెట్టింపు వైకల్యం అనుభవించారని 1998లో ఫ్రైస్ బృందం చూపింది. మంచి అలవాట్లున్నవారిలో వైకల్యం అయిదేళ్లకు పైగా ఆలస్యంగా మొదలైంది. వాళ్లు ఎక్కువ కాలం బతికారు, అయినా మంచంలో గడిపిన కాలం పెరగలేదు. మరుసటి ఏడాది హొనొలులూ నుంచి ఇంకో సంగతి తెలిసింది. 45 నుంచి 68 ఏళ్ల మధ్య ఉన్న 6,089 మంది మగవాళ్ల పిడికిలి బిగువు కొలిచి పాతికేళ్ల తర్వాత చూస్తే, అప్పుడు పట్టు సడలినవారే తర్వాత నడకకూ ఇంటి పనులకూ ఎక్కువగా ఇబ్బంది పడ్డారు.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. కండ నడివయసు నుంచి మెల్లగా కరుగుతుంది. అప్పటికి నిల్వ బాగా ఉన్నవాడు ఎనభైలో కూడా పీట మీంచి లేవగలడు. నిల్వ లేనివాడికి ఒక్క జ్వరం చాలు. బీపీ, షుగరు పదిహేను, ఇరవై ఏళ్లు చడీచప్పుడు లేకుండా సన్నని రక్తనాళాలను, నరాలను కొరుకుతాయి. అందుకే జబ్బు కనబడిన ఏడాదికీ, అది మొదలైన ఏడాదికీ అంత దూరం.

మన దేశం ఈ వైపు తిరిగింది ఆలస్యంగానే. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో, వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 2010లో వచ్చాయి. 2017-18లో దేశమంతటా 72 వేల మందికి పైగా జనంతో వృద్ధాప్య సర్వే చేసినప్పుడు 45 ఏళ్ల వారి నుంచే మొదలుపెట్టారు. వృద్ధాప్యం లెక్క అరవైకి కాకుండా నలభై అయిదుకే తెరవడం నాకు ఎంతో సరైన పనిగా తోచింది.

బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తే నడిచేవాళ్లతో దారి నిండిపోతుంది. చూడముచ్చటగా ఉంటుంది. కానీ అదే వేళకు చేపలమ్మే ఆడవాళ్లు ఫిషింగ్ హార్బరులో బుట్టలు నింపుకుంటుంటారు, రాత్రి షిఫ్టు దిగినవాళ్లు బస్సుల్లో కునుకు తీస్తుంటారు. అలవాటు మనిషి చేతిలోనే ఉందని ఊరికే అనేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. కొలత, మాత్ర, నడిచే చోటు వాళ్ల వేళకు అందాలి.

ఆలస్యమైనా ఫలం సున్నా కాదు. 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉండి, కదలికలేని జీవితానికి అలవాటుపడ్డ 1,635 మందిని అమెరికాలో రెండు జట్లుగా విడదీశారు. రెండున్నరేళ్లకు పైగా క్రమం తప్పక నడక, వ్యాయామం చేయించిన జట్టులో 30.1 శాతం మంది నాలుగు వందల మీటర్లు నడిచే శక్తి పోగొట్టుకున్నారు. రెండో జట్టులో 35.5 శాతం. ఇది 2014 నాటి ఫలితం. దీన్ని చదివి వినిపించాకే పెదనాన్న కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడవడం మొదలుపెట్టారు.

అన్నయ్యకు ఇప్పుడు 44. పోయిన సంక్రాంతికి ఊరికే చూస్తే బీపీ 150 దాటింది, తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఇప్పుడు రోజూ ఉదయం పెదనాన్న మంచం పక్కన కూర్చుని చొక్కా చేయి పైకి మడుస్తాడు. ఎడమ చేత్తో పట్టీ చుట్టేది పెదనాన్నే.