నోటరీ కాగితం మీద దత్తత

అక్క కూతుర్ని చెల్లెలు పెంచుకుంటుంది. స్టాంపు పేపరు మీద రెండు వైపులా సంతకాలు పెట్టి నోటరీ చేయిస్తారు. పిల్ల బడికి వెళ్తున్నంత కాలం ఎవరూ ఏమీ అడగరు. ఎప్పుడో పాస్‌పోర్టుకో, ఆస్తి పంపకానికో ఆ కాగితం బయటికి తీస్తే "ఇది సరిపోదండీ" అంటారు. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

ఈ గందరగోళం నిన్న మొన్నటిది కాదు. పాతకాలంలో దత్తత బిడ్డ కోసం కాదు, పిండం పెట్టడానికీ ఆస్తి నిలబెట్టడానికీ. అందుకే దేవదాసీల ఆచారం వంటివి పక్కన పెడితే మగపిల్లవాడినే తీసుకునేవారు. కొడుకులు లేని రెడ్డి, కమ్మ కుటుంబాలు అల్లుణ్ణి ఇల్లటం తెచ్చుకుని ఆస్తి ఇవ్వడాన్ని కూడా మద్రాసు కోర్టులు గుర్తించాయి. అది దత్తత కాదు గానీ, అవసరం అదే.

తెలుగువాళ్ల బలుసు గురులింగస్వామి కేసు అప్పటి పై కోర్టు, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఒక్కగానొక్క కొడుకును ఇవ్వకూడదు, తీసుకోకూడదు అన్నది వసిష్ఠుడి వాక్యం. మరి ఇచ్చేశాక ఆ దత్తత చెల్లుతుందా? అది ధర్మం చెప్పే హితవే తప్ప, జరిగిన దత్తతను కొట్టేసే నిషేధం కాదని 1899లో తీర్పు వచ్చింది. శాస్త్రాన్ని అంత లోతుగా తవ్వారు గానీ, పిల్లవాడికి ఏది మంచిదన్నది అప్పటి ప్రశ్నే కాదు.

1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చాక ఆడపిల్లనూ దత్తత తీసుకునే వీలు కలిగింది. దత్తత వేళ చేసే దత్తహోమం తప్పనిసరి కాదు, బిడ్డను నిజంగా ఇచ్చి పుచ్చుకోవాలి. మామూలుగా బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు. కొడుకు ఉన్నవాళ్లు మరో కొడుకును, కూతురు ఉన్నవాళ్లు మరో కూతుర్ని తీసుకోకూడదు. ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ సంతకం చేసిన పత్రం రిజిస్టరై ఉంటే, దత్తత చట్టప్రకారం జరిగిందనే కోర్టు ముందుగా భావిస్తుంది. నోటరీ కాగితానికి ఆ బలం లేదు. నా లెక్కలో సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. భర్త ఉన్న స్త్రీ తన పేరున దత్తత తీసుకోవడానికి మాత్రం 2010 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

ముస్లింలకు, క్రైస్తవులకు ఈ చట్టం వర్తించదు. వాళ్లకు చాలాకాలం మిగిలింది 1890 నాటి సంరక్షకుల చట్టమే. దాని కింద గార్డియన్ అవుతారు గానీ అమ్మానాన్న కారు. బిడ్డకు మైనారిటీ తీరితే ఆ బంధం చట్టం దృష్టిలో ముగుస్తుంది, వారసత్వం రాదు. పిల్లల రక్షణ కోసం తెచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది.

జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత అనే ఈ రెండో దారి, దత్తత పేరుతో విదేశాలకు వెళ్లే పిల్లల గురించిన భయంతో పడింది. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది, 1990లో దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ కారా ఏర్పడింది. 2001లో మన దగ్గరే, తండాల్లోని పేద లంబాడా కుటుంబాల నుంచి ఆడశిశువులను కొని దత్తత పేరుతో పంపుతున్న వ్యవహారం హైదరాబాద్‌లో బయటపడి పెద్ద దుమారమైంది. ఇప్పుడు కారా పోర్టల్‌లో నమోదు, ఇంటికొచ్చి విచారణ, ఆపైన ఉత్తర్వు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టరు. ఈ దారి తప్పించి అనాథ బిడ్డను చేతులు మార్చుకుంటే మూడేళ్ల దాకా జైలు. కరోనా రోజుల్లో "ఈ పాపను దత్తత తీసుకోండి" అని వాట్సాప్‌లో తిప్పినవాళ్లలో ఎందరికి ఇది తెలుసో!

బంధువుల బిడ్డ విషయంలోనూ ఒక మెలిక ఉంది. తల్లిదండ్రులిద్దరూ పోతే, మనవరాలిని సాకుతున్న అమ్మమ్మ తనంతట తాను 1956 చట్టం కింద దత్తత ఇవ్వలేదు. ముందు కోర్టు అనుమతి కావాలి. పిటిషన్ వేయాలి కాబట్టి లాయరు ఖర్చుకు భయపడి చాలామంది నోటరీ దగ్గరే ఆగిపోతారు. కానీ 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఆ అమ్మమ్మ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చుకోవచ్చు, లేదంటే 15100కి ఫోన్ చేయవచ్చు.